తాపీ తీరాన దాహం

సూరత్ నగరంలో కూర్చుని బీరును గురించి ఆలోచించటం ఏకాదశినాడు పులిహోరను గురించి ఆలోచించటం వంటిది. ఇక్కడ అది అంగడిలో దొరకదు. 1949 నాటి బొంబాయి మద్యనిషేధ చట్టం, 1960లో గుజరాత్ ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడిన తరువాత కూడా, ఈ గడ్డమీద అవిచ్ఛిన్నంగా అమలు జరుగుతున్నది. పై రాష్ట్రాల నుండి వచ్చే యాత్రికులకు పర్మిట్లున్న మాట నిజమే. అనారోగ్య కారణాలపై కొందరికి ప్రత్యేకానుమతులున్న మాటా నిజమే. 2023 డిసెంబరులో గాంధీనగర్ సమీపాన గల గిఫ్ట్ సిటీకి కొంత సడలింపు కూడా లభించింది. అయినప్పటికీ, సూరత్‌లో మరమగ్గం నడుపుకొని బ్రతికే సామాన్యుడికి బీరు సీసా ఎంత దూరమో, సముద్రగర్భంలోని ముత్యమూ అంత దూరమే.

అయితే మనిషిని పీడించేది దాహం ఒక్కటే కాదు. దాహానికి జంటగా అలవాటు అనేది ఒకటున్నది. బీరు త్రాగే అలవాటున్న వాడిని మన ప్రాంతంలోనే ఒకసారి గమనించండి. దుకాణం ముందు నిలబడి, అరలలోని పది పేర్లూ తీరికగా చదివి, చివరకు ఎప్పుడూ కొనే సీసానే వ్రేలితో చూపిస్తాడు. కొత్తదానిని ఒక్కసారి రుచి చూడరాదా అని స్నేహితుడు అడిగితే, "బాగుండకపోతే డబ్బు ఎవరిస్తారు?" అంటాడు. ఈ మమకారం ఎంత గట్టిదో 2025 జనవరిలో తెలంగాణ చూచింది. ధరల విషయమై ప్రభుత్వంతో పేచీ వచ్చి యునైటెడ్ బ్రూవరీస్ వారు కొద్ది దినాలపాటు సరఫరా నిలిపివేయగా, ఆ వార్త పత్రికలలో రాజకీయ వార్తలతో పోటీపడింది. అంతకుముందు ఆంధ్రప్రదేశ్‌లో 2019 నుండి 2024 వరకు ప్రభుత్వమే దుకాణాలు నడిపిన కాలంలో, పరిచితమైన పేర్లు అరుదై, ఎవరూ వినని పేర్లు అరలకెక్కినప్పుడు జనం పడిన చికాకు ఇంకా చాలామందికి గుర్తుండే ఉంటుంది.

పాత రుచిని పట్టుకొని ఉండటమా, కొత్త రుచికి నాలుక నొప్పగించటమా? ఇది వేళాకోళపు ప్రశ్నగా తోచవచ్చును. కాని సూరత్‌లో ఈ ప్రశ్నకు ఒక సమాధి కూడా ఉన్నది.

నగరానికి పడమటగా, సువాలీ సముద్రతీరానికి సమీపంలో ఒక చిన్న గుమ్మటపు కట్టడం కనిపిస్తుంది. అది టామ్ కోర్యట్ అనే ఆంగ్ల యాత్రికుని సమాధి అని చెబుతారు. ఈయన సోమర్సెట్ ప్రాంతంవాడు. 1608లో వెనిస్ నగరానికి పోయి, చాలావరకు కాలినడకనే తిరిగివచ్చి, ఆ అనుభవాలన్నిటినీ 1611లో లావుపాటి గ్రంథంగా అచ్చువేయించాడు. ఇటలీవారు ఫోర్కుతో భోజనం చేయటం చూచి ముచ్చటపడి, స్వదేశంలో తానూ ఆ విధంగానే తిని, మిత్రులచేత నవ్వులపాలయ్యాడు. అనగా, కొత్తదంటే బెదిరే మనిషి కాదు.

1612లో ఆయన మళ్ళీ బయలుదేరాడు. కాన్‌స్టాంటినోపుల్, జెరూసలేం, అలెప్పో నగరాలు చూచి, అక్కడి నుండి పారశీకదేశం మీదుగా నడచుకుంటూ 1615లో అజ్మీరు చేరాడు. అప్పుడు జహంగీరు పాదుషా కొలువు అజ్మీరులో ఉన్నది. అలెప్పో మొదలు మొగలు దర్బారు వరకు తనకు అయిన మొత్తం ఖర్చు మూడు పౌండ్లకు మించలేదని ఆయన గర్వంగా వ్రాసుకొన్నాడు. అంత చౌకగా నడవాలంటే ఏ ఊరి రొట్టె ఆ ఊరిలో తిని, ఏ బావి నీరు ఆ బావివద్ద త్రాగవలసిందే గదా! పారశీక భాష నేర్చి పాదుషా ఎదుట ప్రసంగం చేయగా, జహంగీరు నూరు రూపాయలు పైనుండి విసరి బహూకరించాడట. ఆంగ్ల రాయబారి సర్ థామస్ రో ఈ యాచక ధోరణికి సిగ్గుపడి మందలించాడు. కోర్యట్ లెక్కచేయలేదు.

1617 చివర ఆయన ఆరోగ్యం చెడింది. మాండూ నుండి సూరత్‌కు వచ్చేసరికి అతిసారం పట్టుకొన్నది. సూరత్‌లోని ఆంగ్ల వర్తకులు ఆయనను ఆదరంగా చేర్చుకొన్నారు. వారివద్ద స్వదేశం నుండి ఓడలో వచ్చిన 'శాక్' ఉన్నది. శాక్ అంటే స్పెయిన్ దేశంలో తయారై, ఆనాటి ఆంగ్లేయుల విందులన్నింటిలోనూ పారిన ద్రాక్షమద్యం. ఆ పేరు చెవిని పడగానే కోర్యట్ చిన్నపిల్లవానివలె, నిజంగా శాక్ ఉన్నదా, ఉంటే నాకు కొంచెం పోయండి అని వేడుకొన్నాడట. వారు ప్రేమతోనే పోశారు. వ్యాధి ముదిరింది. ఆ డిసెంబరులోనే ఆయన కన్నుమూశాడు. ఈ వృత్తాంతాన్ని మనకు చెప్పినవాడు సర్ థామస్ రో పరివారంలోని మతగురువు ఎడ్వర్డ్ టెర్రీ. ఆయన మాండూలో కోర్యట్‌తో ఒకే బసలో ఉన్నవాడేగాని, మరణసమయంలో సూరత్‌లో లేడు, విన్నమాటనే వ్రాశాడు.

వైద్యుణ్ణి అడిగితే మరణకారణం అతిసారమనే చెబుతాడు, మద్యం కాదంటాడు. అది న్యాయమే. అయినా, ఐదు సంవత్సరాలు పరాయి నీళ్ళన్నీ జీర్ణించుకొన్న మనిషి, తన ఊరి పానీయం పెదవికి తగలగానే కూలిపోవటంలో మనస్సును పట్టే విషయం ఒకటున్నది. శాక్ మారలేదు. త్రాగినవాడు మారాడు. ప్రీతిపాత్రమైన పానీయమేదో జ్ఞాపకం ఉంచుకొన్న నాలుక, దానిని త్రాగిననాటి దేహం ఇప్పుడు తనవద్ద లేదని మరచిపోయింది.

ఆయన ఒక్కడే కాదు. 1613లో స్థిరపడిన సూరత్ ఆంగ్ల వర్తకశాల నిండా ఇటువంటి నాలుకలే ఉండేవి. 1689లో ఇక్కడికి వచ్చిన జాన్ ఓవింగ్టన్ అనే మతగురువు 1696లో తన సూరత్ యాత్రా గ్రంథాన్ని ప్రచురించాడు. అందులో వర్తకశాల భోజనాల బల్లను గురించి మంచి వర్ణన ఉన్నది. ఒక ఆంగ్లేయ వంటవాడు, ఒక పోర్చుగీసు వంటవాడు, ఒక భారతీయ వంటవాడు: ఎవరి రుచికి తగినట్లు వారికి వండిపెట్టటానికి ముగ్గురుండేవారు. నిత్యం దొరికే పానీయాలు సారాయి, పారశీకదేశపు షిరాజ్ ద్రాక్షమద్యం. కాని వర్తకుల మనస్సు మాత్రం యూరప్ ద్రాక్షమద్యాల మీద, ఇంగ్లీషు బీరు మీద ఉండేది. ఎంత ధరైనా పెట్టి కొని ఆనందంగా త్రాగేవారట. కారణం కూడా ఓవింగ్టనే చెప్పాడు: అవి వారి అంగిళ్ళకు పూర్వపరిచయం ఉన్నవి.

ఆ మాటలో రుచి ప్రసక్తి లేకపోవటం గమనించదగినది. బాగుంటుందని కాదు, తెలిసినది కనుక కావాలి. ఓడలో నెలల తరబడి ఉష్ణమండలం దాటి వచ్చిన బీరు పీపా ఏ స్థితిలో ఉండేదో ఊహించవచ్చును. లండనులో ఏ గృహస్థుడూ ముట్టని పులిసిన పానీయమైనా ఇక్కడ అమృతమే అయ్యేది. దగ్గరలోనే తియ్యని షిరాజ్ మద్యం కూజాలలో నిండుగా ఉండగా!

ఇందుకు విరుద్ధంగా నడచినవారూ లేకపోలేదు. 1638లో సూరత్‌కు వచ్చిన జర్మను యువకుడు మాండెల్‌స్లో, ఆంగ్ల వర్తకుల దైనందిన సమావేశాలలో తాను తేనీరు త్రాగినట్లు వ్రాశాడు. అప్పటికి లండను మహానగరంలో తేనీరు అంగడి సరుకు కాలేదు. నిమ్మరసం, చక్కెర, పన్నీరు, సారా కలిపిన మరొక పానీయాన్ని కూడా ఆయన వర్ణించాడు. అదే తరువాత 'పంచ్' అనే పేరుతో యూరప్ అంతటా వ్యాపించింది. ఐదు వస్తువులు కలుపుతారు కనుక మన 'పంచ' శబ్దమే ఆ పేరుకు మూలమని ఆ శతాబ్దంలోనే మరొక ఆంగ్ల యాత్రికుడు వ్రాశాడు. పంచామృతం తెలిసిన మనకు ఇందులో ఆశ్చర్యం లేదు. ఇక ఓవింగ్టన్ సంగతి చూడండి. స్వదేశపు బీరుకోసం తోటివారు పడిన తహతహను వర్ణించిన ఆయనే, సూరత్ వర్తకులు సుగంధద్రవ్యాలు వేసి మరిగించి, కలకండతోనో ఊరవేసిన నిమ్మతోనో సేవించే తేనీటిని శ్రద్ధగా పరిశీలించాడు. ఇంగ్లండుకు తిరిగి వెళ్ళి 1699లో తేనీటి గుణాలమీద ప్రత్యేకంగా ఒక చిన్న గ్రంథమే వెలువరించాడు. నేటి ఆంగ్లేయునికి తేనీరే ఇంటి పానీయం. నూరేళ్ళ తరువాత మనుమలకు పాత అలవాటు కాబోయేదానిని తాత మొదటిసారి అనుమానంగా రుచి చూస్తాడు.

ఇంతవరకు చెప్పినది దొరల కథ. ఆ దొరలు పోయిన చాలాకాలానికి, అదే నూలు, అదే వస్త్రవ్యాపారం నిమిత్తమై మనవారు సూరత్ చేరారు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల పద్మశాలీలు చేతిమగ్గం అన్నం పెట్టలేని కాలంలో షోలాపూరు, భివండీ, బొంబాయి, సూరత్‌లకు తరలిపోయారు. నేడు సూరత్‌లోని లింబాయత్, ఉధనా వంటి పేటలలో తెలుగు మాట వినవచ్చును. నగరపాలక సంస్థ ప్రాథమిక పాఠశాలలలో గుజరాతీ, మరాఠీ, హిందీ, ఉర్దూ, ఒడియాలతోపాటు తెలుగు మాధ్యమం కూడా ఏర్పడటాన్నిబట్టి ఈ జనసంఖ్యను ఊహించుకొనవచ్చును.

ఈ వలసలో వారు మూటకట్టుకొని తేగలిగినవీ, తేలేనివీ ఉన్నవి. సాంచెల పనితనం తెచ్చారు. బతుకమ్మను తెచ్చారు. కల్లు మాత్రం తేలేరు. తెలంగాణ పల్లెలో కల్లు కేవలం మత్తు కాదు. అది పొద్దుకు కొలత, చుట్టానికి మర్యాద, ఎల్లమ్మకు సాక. ఈత కల్లు వేరు, తాటికల్లు వేరు; ఫలానా చెట్టు కల్లు వేరు. తన చెట్టు, తన లొట్టి, తనకు పోసే గౌడు: ఈ మూడింటి మీద పల్లెటూరి మనిషికి ఉన్న నమ్మకం పట్నవాసికి ఏ సీసా మీదా ఉండదు. పన్నెండు గంటల పాళీ అయ్యాక, చెవులలో సాంచెల మోత ఇంకా ఆగకముందే, ఆ మనిషికి తన ఊరి లొట్టి జ్ఞాపకం వస్తే తప్పుపట్టగలమా?

లింబాయత్‌లో ఒక పెద్దాయన నాతో ఈ విషయమే మాట్లాడాడు. సిరిసిల్ల వైపువాడు, నలభై సంవత్సరాలుగా ఇక్కడ ఉన్నాడు. "మొదట్ల శాన తిప్పలైంది సారూ. పానం కొట్టుకునేది. ఒగ చలికాలం ఉధనా కాడ తెల్లారగట్ల నీరా అమ్ముతుండంగ జూసిన. ఈత చెట్టుదే. తాగితే మా ఊరి పొద్దటి కల్లే, గని నిషా లేదు. సగం మా ఊరు, సగం గాదు" అని నవ్వాడు. "మల్ల మీరు పోయినప్పుడు ఊళ్ళ కల్లు తాగరా తాతా?" అని ప్రక్కనే ఉన్న కుర్రవాడు అడిగాడు. "తాగుత బిడ్డా. గిప్పుడు అదే కొత్తగ కొడ్తది" అన్నాడాయన.

ఆ 'సగం' అన్నమాట రసాయనశాస్త్ర రీత్యా కూడా ఎంతో సరియైనది. నీరా, కల్లు ఒకే చెట్టు నుండి జారిన రసం. రాత్రివేళ సేకరించి, లొట్టి లోపల సున్నం పూసి, చల్లదనంలో ఉంచితే అది నీరా. తియ్యగా, మత్తులేకుండా ఉంటుంది. సూర్యోదయమై, గాలిలోని, లొట్టిలోని ఈస్టు సూక్ష్మజీవులు చక్కెరపైన పనిచేయటం మొదలుపెడితే కొన్ని గంటలలోనే అది కల్లవుతుంది; మధ్యాహ్నానికి ఇంచుమించు బీరంత బలం సంతరించుకొంటుంది. చట్టం దృష్టిలో పుణ్యానికీ పాపానికీ మధ్య దూరం ఇక్కడ ఒక జాము మాత్రమే. అందుకే దక్షిణ గుజరాత్‌లో నీరాను అనుమతి పొందిన కేంద్రాలలో, చలికాలపు ఉదయాలలో మాత్రమే అమ్ముతారు. హైదరాబాదులో 2023 మే నెలలో నెక్లెస్ రోడ్డుమీద నీరా కేఫ్ తెరచినప్పుడు, చాలామంది నగరవాసులకు అది కొత్త పానీయమని అనిపించింది. సూరత్‌వారికది తాతలనాటి చలికాలపు అలవాటు.

నీరాతో తృప్తిపడలేని వారి మాట చెప్పకుండా దాటిపోవటం భావ్యం కాదు. రైలెక్కి దక్షిణంగా పోతే, 1961 వరకు పోర్చుగీసువారి ఏలుబడిలో ఉండిన డామన్ తగులుతుంది. అక్కడ మద్యం నిషిద్ధం కాదు. ఆదివారాలనాడు గుజరాత్ నుండి ఎందుకు అంతమంది ఆ సముద్రతీర సౌందర్యాన్ని దర్శించటానికి పోతారో ఎవరూ ఎవరినీ అడగరు. డబ్బున్న వారికి అదొక మార్గం. పేదవానికి ఆ మార్గం లేదు. అతనికి దొరికేది చీకటి సందులో, పేరు తెలియని చేతులు అందించే సంచి. 2016 సెప్టెంబరులో సూరత్‌లోని వరియావ్ ప్రాంతంలో కల్తీసారా త్రాగి పలువురు మరణించారు. 2022 జులైలో బోటాద్ జిల్లాలో మిథైల్ ఆల్కహాలు కలిసిన ద్రవం నలభైమందికి పైగా ప్రాణాలు తీసింది. మిథైల్ ఆల్కహాలును రుచిచేత గాని, వాసనచేత గాని సామాన్యుడు గుర్తించలేడు. అది దేహంలో ఫార్మిక్ ఆమ్లంగా మారి ముందు కంటిచూపును, తరువాత ప్రాణాన్ని హరిస్తుంది.

ఇక్కడ పాత కొత్తల విచారణ మరొక రూపం దాలుస్తుంది. తెలిసిన బ్రాండుకు మనిషి అంటిపెట్టుకొనటం నాలుక మహిమ మాత్రమే కాదు, అదొక భద్రత. నిన్న త్రాగి ఈ రోజు లేచాను గనుక, ఈ రోజు త్రాగి రేపు లేస్తాను అనే లెక్క. ఆ లెక్క బహిరంగమైన అంగడిలో చాలావరకు చెల్లుతుంది. నిషేధమున్న చోట చెల్లదు. సీసామీది చీటీ పాతదే కావచ్చును, లోపలి ద్రవం ఎవరు నింపినదో ఎవరెరుగుదురు? అక్కడ పాత పేరు కోసం పట్టుబట్టేవాడు, తెలియకుండానే అన్నింటికన్న కొత్తదైన, ప్రమాదకరమైన పానీయాన్ని రుచి చూస్తున్నాడు. నిషేధం మంచిదా చెడ్డదా అనే వివాదంలోకి నేను పోదలచలేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా దుకాణాలను మూయించినప్పుడు వారు చూచిన దుఃఖం అబద్ధం కాదు. 1995లో వచ్చిన సంపూర్ణ నిషేధాన్ని 1997లో సడలించవలసిరావటమూ అబద్ధం కాదు.

ఈ విషాదాన్ని కాస్త ప్రక్కకు పెట్టి, సూరత్ బాహాటంగా, గర్వంగా త్రాగే పానీయం దగ్గరకు పోదాం. దాని పేరు సోస్యో. 1923లో, స్వదేశీ ఉద్యమపు వేడిలో, హజూరీ కుటుంబంవారు ఈ నగరంలో దీనిని ప్రారంభించారు. ఇంగ్లండు నుండి వచ్చే విమ్టోకు పోటీగా పుట్టినదని చెబుతారు. మొదట 'సోషియో' అనే పేరు పెడితే, జనం నోట నలిగి సోస్యో అయిందట. యజమానులు జనంతో వాదించక పేరునే మార్చుకొన్నారు. తెలివైన పని. దాని రంగు మద్యాన్ని, వాసన పులిసిన ఆపిలును, ద్రాక్షను తలపిస్తుంది. మొదటిసారి త్రాగిన పరదేశి ముఖం చిట్లిస్తాడు. ఇది బాగున్నదా లేదా అని తేల్చుకొనటానికే ఒక సీసా పడుతుంది. మన గోదావరి జిల్లాలవారు రామచంద్రపురం ఆర్టోస్‌ను ఏ మమకారంతో తలుచుకుంటారో, సూరత్‌వారు దీనినీ అలాగే తలుచుకుంటారు. 2023లో రిలయన్స్ సంస్థ ఈ వ్యాపారంలో సగం వాటా తీసుకొన్నది.

శీతలపానీయాల చరిత్రలో పాత రుచి పంతం ఎంతటిదో తెలుసుకొనటానికి అమెరికా ఉదాహరణ ఒకటి చాలు. 1985 ఏప్రిల్ 23న కోకాకోలావారు తమ పానీయాన్ని కొత్త రుచిలోకి మార్చారు. అంతకుముందు సుమారు 2 లక్షలమందిచేత రుచి చూపించారు. పేరు చెప్పకుండా ఇస్తే ఎక్కువమంది కొత్తదే బాగున్నదన్నారు. తీరా అంగడిలో పాతది మాయమయ్యేసరికి దేశమంతటా గగ్గోలు పుట్టింది. 79 దినాలలో, జులై 11న, పాతది తిరిగిరాక తప్పలేదు. రెండు గుక్కల పరీక్షలో నాలుక చెప్పిన తీర్పు వేరు. ఇంటి పెట్టెలో ఏళ్ళ తరబడి ఉన్న సీసాను గురించి మనస్సు చెప్పే తీర్పు వేరు. మనదేశంలో 1977లో కోకాకోలా వెళ్ళిపోగా పుట్టిన థమ్సప్, 1993లో ఆ సంస్థ తిరిగివచ్చి దానిని కొనివేసిన తరువాత కూడా చావక, కొన్నవారికే పెన్నిధి అయింది. దానికి పుట్టుకనిచ్చినది పాతదాని లేమి. పదహారేళ్ళలో అదే పాతదై కూర్చున్నది.

గణితజ్ఞులు కూడా ఈ చిక్కును వదలలేదు. అనేక మార్గాలలో ఏది లాభమో తెలియనప్పుడు, తెలిసినదానినే పట్టుకొనాలా, తెలియనిదానిని పరీక్షించాలా అనే ప్రశ్నకు 1970లలో బ్రిటన్‌కు చెందిన జాన్ గిట్టిన్స్ ఒక సూత్రాన్ని కనుగొన్నాడు. దాని లెక్కలు మనకు అక్కరలేదు. సారాంశం మాత్రం మన అవ్వలు కూడా ఒప్పుకొనేదే: కొత్తదాని విలువ ఈ రోజు అదెంత బాగుంటుందన్నదానిలో కాదు, బాగుంటే ఇంకెన్ని రోజులు అనుభవించగలమన్నదానిలో ఉన్నది. ఊరికి కొత్తగా వచ్చినవాడు ఎక్కువ ప్రయోగాలు చేయవచ్చును. రేపు వెళ్ళిపోయేవాడు నచ్చినదానినే మళ్ళీ తినటం మంచిది. కోర్యట్ చివరి దినాలలో శాక్ కోరటాన్ని ఈ సూత్రం సమర్థిస్తుందేమో కూడా!

ఆ లెక్క ప్రకారం, సూరత్‌లో నాలుగు దినాలు ఉండదలచిన తెలుగు యాత్రికుడు మొదటి మూడు దినాలు తెలిసిన ఇడ్లీ కోసం వెదకకుండా ఉండటం శ్రేయస్కరం. సూరత్ భోజనం, కాశీ మరణం దొరకటం భాగ్యమని గుజరాతీ సామెత. పొద్దున లోచో తినవచ్చును. ఖమన్ చేయబోయి పాళ్ళు తప్పినందువల్ల పుట్టినదని, అందుకే గందరగోళమనే అర్థంలో ఆ పేరు వచ్చిందని అంటారు. పార్సీలైన దోటీవాలా కుటుంబంవారి రొట్టెల దుకాణం తప్పక చూడాలి. డచ్చివారి కోసం రొట్టెలు కాల్చిన చేతులనుండి వచ్చిన విద్య అది. ఆ రోజులలో పిండి పొంగటానికి కల్లు కలిపేవారట. డచ్చివారు 1825లో వెళ్ళిపోయాక అమ్ముడుపోని రొట్టెలు ఎండి గట్టిపడితే, వాటిని తేనీటిలో ముంచుకొని తినటం జనం అలవాటు చేసుకొన్నారట. నేటి సూరత్ బటాసాలకు మూలం అదేనంటారు. చూడండి, ఇక్కడ కల్లు చట్టానికి చిక్కకుండా రొట్టెగా మారి చరిత్రలో మిగిలింది.

చలికాలమైతే తాపీ ఒడ్డున అడాజన్ వద్ద పోంక్ అమ్మే పాకలు వెలుస్తాయి. పాలుపట్టిన లేత జొన్నకంకులను నిప్పులమీద కాల్చి, నలిచి, ఆకుపచ్చని గింజలను నిమ్మ, మిరియాల సేవ్‌తో, వెల్లుల్లి పచ్చడితో కలిపి ఇస్తారు. ప్రక్కన మజ్జిగ. ఎంత కొత్తగా ఉన్నదో అని ఒక గుప్పెడు నోట వేసుకొన్న తెలంగాణ మనిషి అక్కడే నిలబడిపోతాడు. అది మన ఊచబియ్యమే! చేనిగట్టున మంట పెట్టి, కంకి కాల్చి, అరచేతుల మధ్య నలిచి ఊదుకొని తిన్న చిన్ననాటి ఊచబియ్యం. సేవ్ ఒక్కటే కొత్త. మన పల్లెలలో జొన్నచేలు తగ్గిపోయి, నేటి పిల్లలకు ఆ మాటే అపరిచితమైపోయిన తరువాత, ఈ నగరంలో అది పదిమంది వరుసగా నిలబడి కొనే చలికాలపు వేడుకగా బ్రతికి ఉన్నది.

నీరా రుచి చూడదలచినవారు మాత్రం పెందలాడే లేవవలసి ఉంటుంది. బస చేసిన చోట అడిగితే దగ్గరలోని కేంద్రమేదో చెబుతారు. గాజుగ్లాసులో పోసి ఇచ్చినదానిని అక్కడే నిలబడి త్రాగాలి. సీసాలో పట్టుకొని గదికి తెచ్చుకొని, తీరికగా మధ్యాహ్నం త్రాగుదామనుకొంటే, అప్పటికి అది నీరా కాదు.